సుడోకు సరే మాస్టారూ, చెవుల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 69. తణుకులో ఉంటాం. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా ముప్ఫై మూడేళ్లు చేసి రిటైరయ్యాను. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైందేమోనని అనుమానం. పాత విద్యార్థులు ఎదురొచ్చి దణ్ణం పెడితే మొహం తెలుస్తుంది, పేరు నోటికి రాదు. గదిలోకి వెళ్లి ఎందుకొచ్చానో తెలీక నిలబడిపోతాను. మా అమ్మ 82 ఏళ్లకు పోయింది. చివరి రోజుల్లో మమ్మల్ని కూడా గుర్తుపట్టలేదు. నాకూ అదే గతి పడుతుందేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టదు. పొద్దున్నే పేపర్లో సుడోకు, మధ్యాహ్నం ఫోన్లో బ్రెయిన్ గేమ్స్ చేస్తున్నాను. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి జింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన బిళ్లలు, చేపనూనె గుళికలు పంపాడు. సరస్వతి లేహ్యం కూడా తింటున్నాను. జ్ఞాపకశక్తి కాపాడుకోవడానికి ఇంకేం చేయాలి? షుగర్ పన్నెండేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బీపీ బిళ్ల తల తిరిగినట్టుంటేనే వేసుకుంటాను. పొద్దున్నే గ్యాస్ బిళ్ల, రాత్రి నిద్రకు అర బిళ్ల. మేం శాకాహారులం. చెవులు కాస్త మందం, టీవీ సౌండు దగ్గర మా ఆవిడతో రోజూ గొడవే.

జవాబు: మాస్టారూ, నమస్కారం. ముందు మీ భయం సంగతి చూద్దాం. భయంతో నిద్ర పోగొట్టుకుంటే మర్నాడు నిజంగానే ఏదీ గుర్తుండదు.

మొహం తెలిసి పేరు రాకపోవడం, గదిలోకెళ్లి తడుముకోవడం, కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతకడం, ఇవన్నీ అరవై దాటినవాళ్లలో దాదాపు అందరికీ ఉండేవే. వయసు మీద పడేకొద్దీ మెదడు వేగం తగ్గుతుంది. లోపల ఉన్నదే బయటికి రావడానికి టైము పడుతుంది. కాసేపాగాక, స్నానం చేస్తుంటేనో పడుకోబోతుంటేనో "ఆఁ, వాడు ఫలానా కదూ" అని తడుతోందంటే ఆ పేరు లోపల భద్రంగానే ఉందన్నమాట. అందులోనూ మీరు కొన్ని వేలమంది పిల్లలకు పాఠం చెప్పినవారు. పదో తరగతిలో చూసిన కుర్రాడు నలభై అయిదేళ్ల వయసులో బట్టతలతో వచ్చి నిలబడితే పేరు తట్టకపోవడం జబ్బు కాదు. "ఏ బ్యాచ్ నాయనా?" అని అడగండి. వాడు బ్యాచ్ చెబుతాడు, పక్కన కూర్చునేవాడి పేరు చెబుతాడు, ఆ కొస పట్టుకుని వీడి పేరూ వచ్చేస్తుంది.

నేను ఉలిక్కిపడే లక్షణాలు వేరే ఉన్నాయి. అడిగిందే పది నిమిషాలకోసారి అడగడం. ఏళ్లుగా తిరిగిన వీధిలో దారి తెలీకపోవడం. పాలవాడి లెక్క కట్టలేక తికమకపడటం. పెళ్లిలో ఏం వడ్డించారో మరిచిపోతే ఫర్వాలేదు, అసలు నిన్న పెళ్లికి వెళ్లిన సంగతే గుర్తులేకపోతే ఫర్వా ఉంది. స్వభావం మారిపోవడం, ఎన్నడూ లేనిది భార్య మీద అనుమానాలు రావడం, మాట్లాడుతూ మాట్లాడుతూ మామూలు వస్తువుల పేర్లకే వెతుక్కోవడం కూడా అంతే. లెక్కల మాస్టారికి చిన్న లెక్కలు తప్పుతున్నాయంటే మాత్రం నేను సీరియస్‌గా తీసుకుంటాను.

ఇంకొకటి గమనించాను. డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు, మొదలైనవాళ్లలో చాలామంది "నాకేం, దివ్యంగా ఉన్నాను" అంటారు, కంగారంతా ఇంట్లోవాళ్లది. మీ విషయంలో కంగారు మీది. అమ్మగారు, అంటే మీ ఆవిడ, ఏమంటున్నారో మీరు రాయలేదు. ఆవిడను కూర్చోబెట్టి సూటిగా అడగండి: రెండేళ్ల కిందటికీ ఇప్పటికీ నాలో తేడా ఏమైనా కనిపిస్తోందా అని. ఆవిడ లేదంటే సగం బరువు దిగినట్టే. ఉందంటే ఏ పనిలో, ఎప్పటినుంచి అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి. డాక్టరుకు అది స్కాన్ కన్నా ఎక్కువ చెబుతుంది. ఎటు చూసినా ఉత్తరం చదివి మీకు జబ్బు లేదని నేను సర్టిఫికెట్ ఇవ్వలేను, ఒకసారి పరీక్ష చేయించుకోవాల్సిందే.

మీ తల్లిగారి కథ మీకూ రాసిపెట్టి ఉందని అనుకోకండి. తల్లికో తండ్రికో పెద్ద వయసులో డిమెన్షియా వస్తే పిల్లలకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, అంతవరకు నిజం. ఉంటే దాదాపు కచ్చితంగా జబ్బు తెచ్చే జన్యువులు చాలా అరుదు, అవి ఉన్న కుటుంబాల్లో జబ్బు సాధారణంగా 65 ఏళ్ల లోపే బయటపడుతుంది. మీరు ఆ గీత దాటేశారు. అబ్బాయి అమెరికా నుంచి ఉమ్మితో చేసే జీన్ పరీక్ష కిట్ పంపిస్తానంటే వద్దనండి. అందులో ఏం వచ్చినా మీరు రేపు చేయాల్సిన పనులు మారవు, ఉన్న నిద్ర కూడా పోతుంది.

ఇక అసలు విషయం. మీరు సుడోకు గురించి, గేమ్స్ గురించి, గుళికల గురించి వివరంగా రాశారు. బీపీ బిళ్ల, నిద్ర బిళ్ల, చెవులు మాత్రం చివర్లో కొసరుగా పడేశారు. నాకు ఆ చివరి వాక్యాలే ముఖ్యం. డిమెన్షియా నివారణ మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటుచేసిన నిపుణుల కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో 14 కారణాలు చూపించింది. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగతాగడం, మద్యం, వ్యాయామం లేకపోవడం, డిప్రెషన్, ఒంటరితనం, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, చిన్నప్పుడు చదువు లేకపోవడం. వీటన్నిటినీ జీవితాంతం సరిచూసుకోగలిగితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని వాళ్ల అంచనా. మిగతా 55 శాతం వయసు, జన్యువులు, ఇంకా తెలియనివి. ఏం చేసినా వచ్చేవాళ్లకు వస్తుంది, ఆ మాట దాచడం మంచిది కాదు. అయితే ఆ 14లో మీ ఉత్తరంలో కనిపించేవి ఎన్నో ఒకసారి మీరే లెక్కపెట్టండి.

ఆ పట్టికలో పెద్ద వాటా ఉన్నవాటిలో వినికిడి ఒకటి. కళ్లజోడు పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. చెవి మిషన్ అనేసరికి "నేనేమన్నా ముసలాణ్ణయ్యానా" అంటారు, డెబ్భై దాటినవాళ్లు కూడా. "నాకు వినిపిస్తూనే ఉంది, మీరే గొణుగుతున్నారు" అని ఎదురు దబాయిస్తారు. అందులో అబద్ధం లేదు. వయసుతో వచ్చే చెవుడు అన్ని శబ్దాలనూ ఒకేలా తగ్గించదు. ముందు సన్నటి, పదునైన శబ్దాలు పోతాయి. అచ్చులు గట్టిగా వినిపిస్తూనే ఉంటాయి. స, శ, చ, త, క, ప లాంటి హల్లులు చెరిగిపోతాయి. మాటకు అర్థం ఇచ్చేది ఆ హల్లులే. అవతలివాడు "సార్, నేను సతీష్‌ని" అన్నాడనుకోండి. గొంతు వినపడింది, మనిషి మాట్లాడాడని తెలిసింది, "అ... ఈ..." అని ఏదో మోగింది. బస్టాండు దగ్గర ఆటోల రొదలో అయితే అది కూడా లేదు. మీరు నవ్వి "బాగున్నావా" అన్నారు. వాడు వెళ్లిపోయాక "పేరు మర్చిపోయానే" అని బాధపడ్డారు. మాస్టారూ, చెవిలోనే పడని పేరును మరిచిపోవడం ఎలా కుదురుతుంది?

ఇది ఒక్క పేర్లతో ఆగదు. సగం మాట విని మిగతా సగం ఊహించుకోవడానికి మెదడు ఎంత కష్టపడుతుందంటే, విన్నదాన్ని దాచుకోవడానికి ఓపిక మిగలదు. చెవి మందమైనవాళ్లు సాయంత్రానికి అలిసిపోవడం అందుకే. ఆ తర్వాత వచ్చేది ఇంకా చేటు. పెళ్లిలో పదిమంది మధ్య కూర్చుని అందరూ నవ్వినప్పుడు నవ్వడం, ఎందుకు నవ్వారో తెలీకపోవడం, నాలుగుసార్లు అలా అయ్యాక పెళ్లిళ్లకే వెళ్లడం మానేయడం. ఫోన్ మోగితే "నువ్వే మాట్లాడు" అని భార్య చేతికి ఇచ్చేయడం. అరుగు మీద కబుర్లు పోయి టీవీ ఒక్కటే మిగలడం. మనుషులతో మాట ఆగిపోవడం మెదడుకు పెద్ద దెబ్బ. లాన్సెట్ జాబితాలో ఒంటరితనం వేరే అంకెగా ఉంది గానీ, చాలా ఇళ్లలో అది చెవి దగ్గరే మొదలవుతుంది.

మరి మిషన్ పెట్టుకుంటే జ్ఞాపకశక్తి నిలుస్తుందా? అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందితో మూడేళ్లు పరీక్షించి 2023లో ఫలితం చెప్పారు. మొత్తంమీద చూస్తే మిషన్ ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ పెద్ద తేడా రాలేదు. కానీ ముందునుంచే ముప్పు ఎక్కువున్న గుంపులో, అంటే వయసు ఎక్కువై, బీపీ షుగర్ల లాంటివి ఉన్నవాళ్లలో, బుద్ధి మందగించే వేగం 48 శాతం తగ్గింది. షుగరూ బీపీ ఉన్న మీకు పోలిక ఆ రెండో గుంపుతోనే. జ్ఞాపకశక్తి సంగతి ఎలా ఉన్నా, టీవీ గొడవ తగ్గుతుంది, మనవలు ఫోన్లో ఏమంటున్నారో తెలుస్తుంది. ఆ మాత్రం చాలదా?

పని ఇలా మొదలుపెట్టండి. ముందు ఇఎన్‌టీ డాక్టరుకు చెవులు చూపించండి. గులిమి గట్టిపడి అడ్డుపడితే అది తీసేయగానే సగం చెవుడు పోయినవాళ్లున్నారు. పిన్నీసులు, అగ్గిపుల్లలు, నూనెచుక్కలు మాత్రం వద్దు. తర్వాత ఆడియోమెట్రీ. శబ్దం రాని గదిలో కూర్చోబెట్టి, రకరకాల శబ్దాలు వినిపించి, ఏది ఎంత గట్టిగా ఉంటే వినబడుతోందో గీత గీసి ఇస్తారు. ఆ గీతను బట్టి ఆడియాలజిస్టు మిషన్‌ను మీ చెవికి సరిపడేలా సెట్ చేస్తారు. ఆన్‌లైన్‌లో అయిదారు వందలకు దొరికేవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే స్పీకర్లు. వాటిని పెట్టుకున్న రోజే విసుగొచ్చి పెట్టెలో పడేస్తారు. మంచి మిషన్లు వేలల్లో మొదలై లక్షలు దాటేవి కూడా ఉన్నాయి. ఖరీదైనదే మంచిదని లేదు, కొనేముందు కొన్నాళ్లు పెట్టుకుని చూడనిస్తారా అని అడగండి. రెండు చెవులకూ తగ్గితే రెంటికీ పెట్టించుకోవడమే మేలు. స్తోమత లేని పెద్దవాళ్లకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చెవి మిషన్లు ఉచితంగా ఇస్తారు. మీకు పెన్షన్ ఉంది కాబట్టి వర్తించకపోవచ్చు, మీ వీధిలో ఎవరికైనా చెప్పండి.

మొదటి వారం చిరాగ్గా ఉంటుంది. ఫ్యాన్ చప్పుడు, గిన్నెల చప్పుడు, సొంత గొంతు కూడా వింతగా వినిపిస్తాయి. ఇన్నాళ్లూ మరిచిపోయిన శబ్దాలకు మెదడు మళ్లీ అలవాటుపడాలి. ముందు ఇంట్లో రెండు మూడు గంటలు పెట్టుకుని, మెల్లగా పెంచుతూ పోండి. చాలామంది ఈ కొన్ని వారాలు ఓపిక పట్టలేకే మిషన్‌ను బీరువాలో పెట్టేస్తారు. అమ్మగారికి నా మనవి: వంటింట్లోంచి కేకేయకండి. ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా నిలబడి మామూలుగా మాట్లాడండి. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు అలాగే ఉంటాయి.

చెవులతోపాటు కళ్లు కూడా. శుక్లాలు ముదిరాయని ఎప్పుడో చెప్పి ఉంటే, ఆపరేషన్ వాయిదా వేయకండి. చూపు తగ్గడాన్ని కమిషన్ కొత్తగా 2024లోనే జాబితాలో చేర్చింది.

బీపీ బిళ్ల విషయంలో మీ మీద కోపం వచ్చింది మాస్టారూ. తల తిరిగితేనే వేసుకోవడమేమిటి? బీపీకి లక్షణాలుండవు. 170 ఉన్నా హాయిగా భోంచేసి పడుకోవచ్చు. ఆ ఒత్తిడికి మెదడు లోతుల్లో ఉన్న సన్నటి రక్తనాళాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ పోతాయి, బయటికేమీ తెలియదు. ఒక్కోసారి పక్షవాతంగా బయటపడుతుంది. ఒక్కోసారి నడక నెమ్మదించడం, ఆలోచన మొద్దుబారడంలా చడీచప్పుడు లేకుండా వస్తుంది. అమెరికాలో తొమ్మిది వేలమందికి పైగా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం 2019లో తేల్చిందేమిటంటే, పై అంకెను 140 కన్నా తక్కువలో ఉంచినవాళ్లతో పోలిస్తే 120 కన్నా తక్కువకు తెచ్చినవాళ్లలో డిమెన్షియాకు ముందు మెట్టు అనదగ్గ మందగింపు సుమారు 19 శాతం తగ్గింది. అలాగని మీరే బిళ్లలు పెంచేసుకుని 120కి తేకండి. ఆ అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్లను తీసుకోలేదు, పైగా పెద్ద వయసులో లేచి నిలబడగానే బీపీ పడిపోయి కిందపడే ప్రమాదం ఉంది. మీకెంత ఉండాలో మీ డాక్టరు చెప్పాలి. మీరు చేయాల్సింది రోజూ ఒకే టైముకు వేసుకోవడం, వారానికి రెండు మూడుసార్లు ఇంట్లో చూసుకుని పుస్తకంలో రాయడం. చూసేముందు అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోండి, వీపుకూ చేతికీ ఆనిక ఉండాలి, అప్పుడే కాఫీ తాగి ఉండకూడదు. మీకు తల తిరగడానికి కారణం బీపీ పెరగడమా, పడిపోవడమా, ఇంకేదైనానా అన్నది ఆ పుస్తకం చూస్తేనే తేలుతుంది. ఆవకాయ, అప్పడాలు, వడియాల్లో ఉప్పెంతో మీకు తెలుసు. మానేయమని చెప్పి మీ చేత అబద్ధాలాడించను. ముద్ద ముద్దకూ నంజుకోవడం మానేసి చివరి ముద్దకు ఉంచుకోండి.

ఇప్పుడు బిళ్లల డబ్బా. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో విటమిన్ బి12 తగ్గుతుంది. గ్యాస్ బిళ్లలు, పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, దీర్ఘకాలం వాడినా తగ్గుతుంది. శాకాహారుల్లో అది ముందే తక్కువ. మీలో మూడూ కలిశాయి. బి12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు, మనసు బాగోకపోవడం అన్నీ వస్తాయి, అచ్చం డిమెన్షియా మొదలైనట్టే ఉంటుంది. రక్తపరీక్షతో తెలిసిపోతుంది, ఇంజెక్షన్లతోనో బిళ్లలతోనో సరిదిద్దవచ్చు. ఇంత తేలిగ్గా బాగయ్యే మతిమరుపును ముసలితనం అని వదిలేయడం చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. థైరాయిడ్ కూడా ఇలాంటిదే, దానికి టీఎస్‌హెచ్ పరీక్ష. ఇది చదివి మెట్‌ఫార్మిన్ ఆపేయకండి, షుగర్ పెరిగితే మెదడుకు ఇంకా చేటు. గ్యాస్ బిళ్ల మాత్రం అసలింకా అవసరమా అని డాక్టరును అడగండి. ఎప్పుడో పది రోజులకు రాసిచ్చిన చీటీ పదేళ్లు నడవడం మన దగ్గర మామూలే.

ఆ రాత్రి అర బిళ్ల పేరు రాయలేదు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే అల్ప్రాజోలం జాతిదే అయ్యుంటుందని నా అనుమానం. అవి తెచ్చే నిద్ర గాఢంగా ఉండదు, మర్నాడు పొద్దున మబ్బుగా ఉంటుంది, కొత్త విషయాలు మనసుకు ఎక్కవు. అర్ధరాత్రి బాత్రూమ్‌కు లేచి తూలి పడేవాళ్లలో వీటిని వాడేవాళ్లు చాలామంది. అయితే ఏళ్లుగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. నిద్ర అసలు పట్టదు, వణుకు పుడుతుంది, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. మీరు గట్టిగా గురక పెడతారా, గురక మధ్యలో ఊపిరాగినట్టవుతుందా అన్నది కూడా అమ్మగారినే అడగాలి. అలా ఉంటే స్లీప్ ఆప్నియా కావచ్చు, దానికి నిద్ర బిళ్ల సరైన మందు కాదు. జలుబు చేసినప్పుడు వేసుకుంటే మత్తొచ్చే బిళ్లలున్నాయే, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి, పెద్ద వయసులో అవి కూడా తికమక తెస్తాయి.

అబ్బాయి పంపినవాటి గురించి. జింకో మీద అమెరికాలోనే 75 దాటిన మూడు వేలమందికి పైగా మనుషులతో సుమారు ఆరేళ్లు పరీక్షించి, 2008లో ఫలితం ప్రచురించారు. డిమెన్షియాను అది ఆపలేదు. పైగా ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. జ్ఞాపకశక్తి కోసం చేపనూనె గుళికలు, విటమిన్ ఇ వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. బి12 లోపం ఉంటే బి12 వేసుకోవడం వేరే సంగతి, అది వైద్యం. సరస్వతి లేహ్యం అంటారా, పన్నెండేళ్ల షుగర్ పెట్టుకుని బెల్లం పాకం చెంచాలతో తింటున్నారు. ఇంకేం చెప్పను.

తిండి గురించి ఎక్కువ రాయను. ఏ ఒక్క పప్పూ, ఆకూ, గింజా మెదడును కాపాడవు. మెదడు కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన ఒక ఆహార పద్ధతిని కూడా మూడేళ్లు పరీక్షించారు. 2023లో చూస్తే మామూలుగా జాగ్రత్తగా తిన్నవాళ్లకూ వాళ్లకూ తేడా కనబడలేదు. ఆకుకూరలు, పప్పు, కూరగాయలు ఎక్కువగా, అన్నం కాస్త తక్కువగా, వేపుళ్లు ఎప్పుడో ఒకసారి. ఇది గుండెకూ షుగర్‌కూ మంచిది, వాటికి మంచిదైతే మెదడుకూ మంచిదే.

నడక ఎంత ముఖ్యమో మీకు తెలియంది కాదు. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగేంత, పాట పాడలేనంత వేగంతో. కాలవ గట్టు మీద ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురితో వెళ్లండి. బండి మీద వెళ్తే హెల్మెట్, బాత్రూమ్‌లో జారని చాప, గోడకు పట్టుకునే కడ్డీ. పెద్దవాళ్లలో తలకు చిన్న దెబ్బ తగిలినా కొన్ని వారాల తర్వాత లోపల రక్తం చేరి మతి తప్పినట్టు కావచ్చు. ఇంకో సంగతి ఇంట్లోవాళ్లంతా గుర్తుంచుకోవాలి. నెమ్మదిగా ఏళ్లమీద వచ్చే మతిమరుపు వేరు, రెండు మూడు రోజుల్లో మనిషి పొంతన లేకుండా మాట్లాడటం వేరు. రెండోది మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం లాంటివాటివల్ల వస్తుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు సుడోకు. మానొద్దు, ఇష్టమైతే చేసుకోండి. కానీ సుడోకు చేస్తూ పోతే సుడోకులో ఆరితేరతారు, పేర్లు గుర్తుండటం దానివల్ల పెరగదు. అందులోనూ లెక్కల మాస్టారికి అంకెలతో ఆట అంటే చేప పిల్లకు ఈత నేర్పడమే. మెదడుకు పని పడాలంటే అది మీకు రానిదై ఉండాలి, కాస్త కష్టపెట్టాలి, వీలైతే నలుగురితో కలిసి చేసేదై ఉండాలి.

దీనికి మన హైదరాబాద్‌లోనే ఒక మంచి ఆధారం దొరికింది. నిమ్స్ ఆస్పత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లతో పోలిస్తే రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. నన్ను ఆకట్టుకున్నది ఏమిటంటే, చదువు రానివాళ్లలో కూడా ఆ తేడా ఉంది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడుకుంటూ బతికినవాళ్ల మెదడు రోజంతా ఒక భాషను ఆపి ఇంకో దాన్ని అందుకుంటూ ఉంటుంది. ఆ కసరత్తే అక్కరకొచ్చిందేమోనని పరిశోధకుల ఊహ. ఇది జనాన్ని గమనించి చెప్పింది. 69లో కొత్త భాష మొదలుపెడితే అదే లాభం వస్తుందని రుజువు కాలేదు. అయినా మందు బిళ్లల్లా దీనికి దుష్ఫలితాల్లేవు కదా.

మీకు నా సలహా కొత్త భాష కాదు, ఛందస్సు. నవ్వకండి. జీవితమంతా లెక్కలు చెప్పారు, పద్యం జోలికి పోయి ఉండరు. మూడేసి అక్షరాల గణాలు, ఒక్కో అక్షరం గురువో లఘువో, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది, కాబట్టి గణాలు ఎనిమిది. ఇంతవరకు మీ లెక్కే. ఇక ఉత్పలమాల ఎత్తుకోండి: భ, ర, న, భ, భ, ర, వ. చివరి వ ఒక్కటే రెండక్షరాలది, కాబట్టి మొత్తం ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతి. మీ స్కూల్లో పనిచేసిన తెలుగు మాస్టారు ఎవరో ఒకరు ఊళ్లోనే ఉంటారు. వారానికి రెండు సాయంత్రాలు ఆయన దగ్గర కూర్చుని ఒక్క పాదం రాయడానికి ప్రయత్నించండి. గణం కుదిరితే యతి తప్పుతుంది, యతి కుదిరితే అర్థం పోతుంది. ఆ పెనుగులాటే మనకు కావలసింది. నలుగురు పోగైతే శాఖా గ్రంథాలయంలో పెట్టుకోండి.

కంఠస్థం పట్టడానికి కూడా ఒక పద్ధతి చెబుతాను. పద్యాన్ని పదిసార్లు చూసి చదవడం కన్నా రెండుసార్లు చదివి, పుస్తకం మూసి, చూడకుండా చెప్పడానికి ప్రయత్నించడం మేలు. ఆగిన చోట ఆగి, తడుముకుని, అప్పుడే పుస్తకం తెరవండి. గంటాగి ఒకసారి, మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఒకసారి, తర్వాత వారానికి. మరిచిపోబోతున్న సమయంలో కష్టపడి గుర్తుచేసుకున్నదే గట్టిగా నిలుస్తుంది. అష్టావధానం చూసి ఉంటారు. చివరన ధారణలో అవధాని అప్పటిదాకా పాదం పాదంగా చెప్పిన పద్యాలన్నీ వరసగా అప్పజెబుతాడు. ఆయన కూడా సాధనతోనే ఆ స్థాయికి వస్తాడు, గుళికలతో రాడు. కొత్తవాళ్ల పేర్లకూ ఈ పద్ధతే. పేరు వినగానే పైకి ఒకసారి అనండి, మాటల మధ్య ఇంకోసారి వాడండి, ఇంటికొచ్చాక అమ్మగారితో "ఇవాళ ఫలానావాడు కలిశాడు" అని చెప్పండి. తాళాలకు ఒకే కొక్కెం, కళ్లజోడుకు ఒకే చోటు, పనులకు జేబులో చిన్న పుస్తకం. రాసుకుంటే జ్ఞాపకశక్తి పోతుందనే మాట నమ్మకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న బిళ్లల అట్టలన్నీ, లేహ్యం సీసాతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. బి12, టీఎస్‌హెచ్, సోడియం, మూడు నెలల షుగర్ సగటు, కొలెస్ట్రాల్ చేయించమని అడగండి. జ్ఞాపకశక్తి పరీక్ష కూడా చేయమనండి. భారత వైద్య పరిశోధన మండలి ఇలాంటి పరీక్షలను తెలుగులో కూడా తయారుచేయించింది, ఇంగ్లీషు రాదని ఎవరూ మార్కులు పోగొట్టుకోనక్కర్లేదు. స్కాన్ కావాలో అక్కర్లేదో డాక్టరు చెబుతారు, మీరుగా ల్యాబ్‌కు వెళ్లి ఫుల్ బాడీ ప్యాకేజీలు తీసుకోకండి. మనసు దిగులుగా ఉండి, దేనిమీదా ఆసక్తి లేకపోతే ఆ మాట దాచకుండా చెప్పండి, డిప్రెషన్ కూడా మతిమరుపు వేషంలో వస్తుంది. పెద్దవాళ్ల కోసం ఎల్డర్‌లైన్ 14567, మనసు బాగోనివాళ్ల కోసం టెలీమానస్ 14416 ఉన్నాయి. రెండూ తెలుగులో మాట్లాడతారు.

అబ్బాయికి చెప్పండి, ఇకనుంచి గుళికలు పంపొద్దని. ఆ డబ్బు చెవి మిషన్‌కు పంపమనండి, ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో మనవలను కూర్చోబెట్టమనండి. చెవి పరీక్ష కాగితం, బి12 అంకె, నెల రోజుల బీపీ పుస్తకం వచ్చాక నాకు మళ్లీ రాయండి. ఈసారి ఉత్తరంలో సగం అమ్మగారి చేత రాయించండి, మీరు చదవకుండానే కవరు అంటించేయండి.